గంట కట్టిన కారు

ఉదయగిరి,
సెప్టెంబరు.

తమ్ముడు కోటేశ్వర్‌కు,

ఈ ఉత్తరం మీ కంపెనీ చెన్నై ఆఫీసుకు పంపుతున్నాను. ఓడ ఏ రేవులో ఉంటే అక్కడికి చేరుస్తారన్నావు కదా, చూద్దాం. ఫోను చేద్దామంటే సముద్రం మీద నీకు సిగ్నల్ ఉండదు. ఉన్న రోజున నా పక్కన అత్త ఉంటుంది. ఆమె జబ్బు సంగతి ఆమె ముందరే ఎట్లా చెప్పేది? అందుకే కాగితం పట్టాను.

అత్తకు కిడ్నీలు రెండూ పని మానేశాయి. వారానికి రెండుసార్లు ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకుపోయి డయాలిసిస్ చేయించాలి. నాలుగు గంటలు ఆ మిషను పక్కన పడుకుని లేచాక మనిషి నిలబడలేదు. అట్లాంటిదాన్ని బస్సులో ఉదయగిరి దాకా తీసుకొచ్చేసరికి నా ప్రాణం పోయేది. ఒకసారి కండక్టరే ఆమె తల తన ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ రోజు మామ ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మర్నాడు మందలో మూడో వంతు గొర్రెలు అమ్మకానికి పెట్టాడు.

అట్లా కారు కొన్నాం. తెల్ల మారుతి. మీ బావ మిగిలిన మందతో కోవూరు పొలాల్లో ఉన్నాడు గనక బేరానికి నేనూ మామా ఇద్దరమే ఆత్మకూరు పోయాం. మామ గొర్రెను కొనేటప్పుడు అమ్మేవాణ్ణి వయసు అడగడని నీకు తెలుసు. దాని నోరు తెరిచి పళ్లు చూసుకుంటాడు. అడిగితే తనకు చూడటం రాదని ఒప్పుకున్నట్టే. ఇక్కడా అంతే. నేను కాగితాలు చూపించమనబోతే నా చెయ్యి నొక్కి ఆపాడు. నాలుగు టైర్ల దగ్గరా గొంతుకూర్చుని గాడుల్లో వేళ్లు పెట్టి తడిమాడు. లేచి, "ఒక్క పన్ను అరగలా. రెండు పళ్లది, పిల్లే ఇది" అన్నాడు, గొర్రెల లెక్కలో ఏడాదిన్నర ఈడన్నమాట. తర్వాత కారు అమ్మే బ్రోకరు చేతి మీద, గొర్రెల సంతలో మాదిరి, తువాలు కప్పి, కింద వేళ్లు పట్టుకుని బేరం మొదలుపెట్టాడు. పాపం ఆయనకు ఏమీ అర్థం కాలేదు. మూడోసారికి నేర్చుకున్నాడు.

డ్రైవింగ్ నేనే నేర్చుకున్నాను. నవ్వకు. ఫోటో పెడుతున్నాను, అత్త వెనక సీట్లో కూర్చున్నది.

మీ అక్క,
రేణుకాదేవి


నగోయా రేవు, జపాన్,
అక్టోబరు.

అక్కకు,

నీ ఉత్తరం ఇక్కడ మా ఏజెంటు తెచ్చిచ్చాడు. ఓడ మెట్ల మీదే నిలబడి చదివాను. ఫోటో బాగుంది. అత్త జమీందారిణి మాదిరి కూర్చుంది. టైర్లు చాలా కొత్తగా ఉన్నాయి. నువ్వు స్టీరింగ్ పట్టుకున్నావంటే మన ఊరు వరికుంటపాడులో ఎవరూ నమ్మరు, ఇంకో ఫోటో తీసి పంపు.

ఇక్కడి సంగతి రాస్తాను, మామకు చదివి వినిపించు. ఈ రేవు పక్కన ఒక యార్డు ఉంది. ఈ చివర నిలబడితే ఆ చివర కనపడదు. నిండా కార్లే, అన్నీ వాడినవి. వాడినవంటే నువ్వేమనుకుంటావో గానీ, నేను ఒకదాంట్లో కూర్చుంటే సీటుకు ఇంకా కొత్త వాసన పోలేదు. ఐదేళ్లవి, ఏడేళ్లవి, కొన్ని పదేళ్లు దాటినవి. ఇక్కడ రెండేళ్లకోసారి కారుకు పెద్ద పరీక్ష ఉంటుంది, దానికి బోలెడంత ఖర్చు. అది దగ్గరపడగానే చాలామంది పాతది వదిలేసి కొత్తది కొనుక్కుంటారు. ఏ జబ్బూ లేని కార్లు, అక్కా. ఒకదాంట్లో అద్దం మీద పిల్లలెవరో అంటించిన ఏనుగు బొమ్మ అట్లాగే ఉంది.

వాటన్నిటినీ మా ఓడ మింగేస్తుంది. ఓడలో పన్నెండు అంతస్తులున్నాయి. డ్రైవర్లు వరసగా నడుపుకుంటూ లోపలికి వస్తారు, కారుకూ కారుకూ మధ్య జానెడు సందు ఉంచి ఆపుతారు. నాలాంటివాళ్లం ఒక్కోదాన్నీ బెల్టులతో నేలకు కడతాం. నిండేసరికి ఐదు వేలు దాటతాయి. మన మండలం మొత్తం తిరిగినా అన్ని కార్లుండవు. నిన్న కింది అంతస్తులో నేనొక్కణ్ణే నిలబడి చూశాను. ఒక్కటీ ఉలకదు పలకదు, అన్నీ ఒకే దిక్కుకు మొహం పెట్టి ఉన్నాయి. వీటిని కన్న దేశం వద్దనుకుంది, వీటికోసం ఎదురుచూసే దేశం వేల మైళ్ల అవతల ఉంది.

రేపు ఆఫ్రికా వైపు బయల్దేరతాం.

నీ తమ్ముడు,
కోటి


ఆత్మకూరు, ఆసుపత్రి వరండా,
నవంబరు.

తమ్ముడు కోటికి,

అత్త లోపల మిషను దగ్గర ఉంది. నాకు నాలుగు గంటల ఖాళీ. ఇంట్లో రాయలేని ఉత్తరం ఇది.

కారు కింద ఏదో చప్పుడొస్తుంటే ఇక్కడి మెకానిక్ సిద్ధయ్యకు చూపించాను. ఆయన కాగితాలు అడిగాడు. మేము కొన్న రోజున కవరులో పెట్టిచ్చిన కాగితాలు, నేను కూడా తెరిచి చూడలేదు. ఆయన చూసి, "అమ్మా, ఫిబ్రవరికి దీనికి పదిహేనేళ్లు నిండతాయి. రిజిస్ట్రేషన్ అయిపోతాది. బ్రేకినస్పెక్టరు చూసి సరే అంటేనే ఇంకో ఐదేళ్లు. కాదన్నాడంటే తుక్కే" అన్నాడు. కారు మైపాడు సముద్రం పక్కన తిరిగిందట. ఉప్పుగాలికి అడుగు రేకు తుప్పుపట్టి వేలు పెడితే పొడి రాలుతోంది. టైర్లు మాత్రం అమ్మే ముందు వేయించినవి.

బ్రోకరును అడిగితే, "నేను దాచలేదమ్మా, మీరు అడగలేదు" అన్నాడు. నిజమే. ఆయన్నేం అనాలి?

మామకు చెప్పకుండా ఎన్నాళ్లు దాస్తాను? చెప్పాను. తువాలు దులుపుకుని కొట్టం వైపు పోయాడు. ఆ రోజు నుంచీ కారు ఎక్కడు. మేము కారులో ఆత్మకూరు వస్తే, ఆయన వెనక బస్సులో వస్తాడు. మేము ఇంటికి చేరిన గంటకు ఆయన చేరతాడు. మొన్న పక్కూరి వాళ్లు పొట్టేలు నోరు చూడమని తీసుకొస్తే, "నాకు చూపు ఆనడంలా, వేరేవాళ్లకు చూపించుకోండి" అని పంపేశాడు. యాభై ఏళ్లుగా చుట్టుపక్కల పల్లెలకు ఆయన చెప్పిందే వయసు. నాకు ఏడుపొచ్చింది.

అసలు భయం ఇంకొకటుంది. అత్త అన్నీ వింటోంది. నిన్న నాతో, "కారు పోతే పోనీలేమ్మా. నేను మళ్లా బస్సెక్కను. ఇంటికాడే పడుంటా" అంది. ఇంటి దగ్గర పడి ఉండటమంటే ఏమిటో డాక్టరు నాకు విడమరిచి చెప్పాడు. వారం, పది రోజులు, అంతే. ఇంకో కారు కొనాలంటే మిగిలిన గొర్రెలన్నీ పోవాలి. ఆమె దానికి ఒప్పుకోదు, నాకు తెలుసు.

నువ్వు రోజూ కార్ల మధ్యే బతుకుతున్నావు. ఫోటో చూసినప్పుడు నీకేమీ తెలియలేదా?

రేణుక


దార్ ఎస్ సలామ్, టాంజానియా,
డిసెంబరు.

అక్కకు,

చూడగానే తెలిసింది. ఆ దీపాల ఆకారంలో కార్లు చేయడం ఆపేసి చాలా కాలమైంది. కానీ ఫోటోలో అత్త నవ్వుతోంది. అందుకే టైర్ల సంగతి మాత్రం రాసి ఊరుకున్నాను. నువ్వు తిడితే పడతాను.

ఇక్కడ నేను చూసినది ఒకటి మామకు చదివి వినిపించు. ఒక్క ముక్క వదలకుండా.

నిన్న రేవు బయట యార్డు గేటు దగ్గరకు ఒక కుటుంబం వచ్చింది. బడిపంతులు, ఆయన భార్య, పిల్లలు, ముసలి తల్లి. అందరూ పండగ బట్టల్లో ఉన్నారు. వాళ్ల కారు మా ఓడలోనే వచ్చింది. నేను బెల్టు కట్టినదే అయ్యుండాలి. పదమూడేళ్ల కారు. జపాన్‌లో దాన్ని ముసలిదన్నారు. వీళ్లకది ఇంటికొచ్చిన మొదటి కారు. ఆ ముసలామె దాని చుట్టూ తిరిగి రేకు మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. కొడుకు తాళం తిప్పాడు. లోపలి నుంచి ఒక ఆడగొంతు జపాన్ భాషలో ఏదో పలికింది. ఆ కార్లు తాళం తిప్పగానే అట్లా పలకరిస్తాయి. ముసలామె గుండె మీద చెయ్యి పెట్టుకుని, కొంచెం వంగి, తన భాషలో బదులు చెప్పింది. పిల్లలు పడీపడీ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆమె ఏమన్నదని గేటువాణ్ణి అడిగాను. 'అంత దూరం నుంచి వచ్చి పలకరిస్తే బదులు చెప్పొద్దా' అన్నదట.

అక్కా, ఆ మాట విన్న దగ్గర నుంచీ నేను ఆశ్చర్యంలోనే ఉన్నాను. పక్క దేశం కెన్యాలో ఎనిమిదేళ్లు దాటిన కారును రేవులో దిగనివ్వరు. ఇక్కడ దిగనిస్తారు, పన్ను మాత్రం ఎక్కువ. మా చీఫ్ ఇంజినీరు గ్రీసువాడు. వాళ్ల దేశంలో కార్ల సగటు వయసు పదిహేడేళ్లట, అదే యూరప్‌లో ఇంకో చిన్న దేశంలో ఎనిమిదట. అమెరికాలో పదిమందికి ఎనిమిది కార్లున్నాయి, మన దేశంలో వందమందికి మూడో నాలుగో. ఒకచోట ముసలిదైన కారుకు ఇంకోచోట ఈడు రాలేదు. మరి వయసనేది ఎక్కడుందో నాకు అంతుపట్టడం లేదు.

నా చిన్నప్పుడు వేసవి సెలవులకు మీ ఇంటికొచ్చినప్పుడు మామ పళ్లరిగిన గొర్రెలను మందలోంచి వేరుచేసేవాడు గుర్తుందా. కసాయివాడికి ఇస్తాడేమోనని నేను ఏడ్చాను. ఇవ్వలేదు. అనంతసాగరం చెరువు కింద వాళ్ల చెల్లెలింటికి తోలాడు. ఉదయగిరి కొండ గడ్డి గట్టిది, అరిగిన పళ్లకు తెగదు. చెరువు గరిక మెత్తన. మరుసటేడు పోయి చూస్తే ఆ గొర్రెల పక్కన పిల్లలు గంతులేస్తున్నాయి. ఈ ఓడ చేస్తున్నది అదే పని అక్కా. కొండ మీది వాటిని చెరువు కిందికి తోలుతోంది.

మామ టైర్లు చూసి వయసు తప్పు చెప్పి ఉండొచ్చు. కారుకు మేత ఎక్కడ మెత్తగా దొరుకుతుందో ఆయనకంటే తెలిసినవాళ్లు లేరని నా మాటగా చెప్పు.

కోటి


ఉదయగిరి,
జనవరి.

తమ్ముడు కోటికి,

నీ ఉత్తరం మామకు రెండుసార్లు చదివాను. మొదటిసారి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ముసలామె బదులు చెప్పిన చోట ఆగమన్నాడు. "ఇంకోసారి చదువు" అన్నాడు. అత్త కూడా మంచం మీద లేచి కూర్చుని విన్నది.

అంతా విని మామ అడిగింది ఏమిటో తెలుసా? "ఐదు వేలు జీవాలను ఒకే కొట్టంలో తోలినారు. పొద్దున్నే లెక్కలో ఒకటి తక్కువైతే వాళ్లేం చేస్తారంట? కోటిగాణ్ణి కనుక్కో." నువ్వు సెలవులకు ఇక్కడికొచ్చినప్పుడు మేకపిల్లను తప్పిపోనిచ్చి తన్నులు తిన్నావు కదా, అది ఆయన మర్చిపోలేదు. వాటికి కాపలా నువ్వేనని తెలిసి నోరు తెరిచాడు.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి కారు కింద మామ కాళ్లు కనపడ్డాయి. వెల్లకిలా పడుకుని అడుగంతా చేత్తో తడుముతున్నాడు, గొర్రె పొట్ట తడిమినట్టు. లేచి, "మూడుచోట్ల పుండ్లుండాయి. సిద్ధయ్యకు చెప్పు, కుట్లు ఎయ్యమను" అన్నాడు. సిద్ధయ్య తుప్పు కోసేసి కొత్త రేకు వెల్డింగ్ పెట్టాడు.

ఇప్పుడు నా డ్రైవింగ్ మీద మామ పెత్తనం. ఎండెక్కక ముందే బయల్దేరాలి, ఎత్తు వస్తే తొందరపెట్టకూడదు, దారిలో ఒకచోట నీడన ఆపి బానెట్ ఎత్తాలి. "పళ్లరిగినదాన్ని తరమకూడదు, దాని నడకనే మనం నడవాల" అంటాడు. ఇంత చెప్పి ఆయన మాత్రం ఇప్పటికీ బస్సులోనే వస్తున్నాడు. ఎందుకు మామా అంటే, "ఇనస్పెక్టరు ఏం చెప్తాడో చూసినాక ఎక్కుతా. ఒకసారి నోరు జారినాను, చాల్లే" అన్నాడు.

ఇంకొకటి చేశాడు. చెరువు కిందికి పోయే గొర్రె మెడకు ఆయన ఒక ఇత్తడి గంట కట్టేవాడు, నువ్వు చూసే ఉంటావు. గంట కట్టిన గొర్రెను మా వాళ్లు అమ్మరు, కొయ్యరు. దాని ఆయుష్షు తీరేదాకా మేపుతారు. అటకమీద ఆ పాత గంట ఒకటుంటే చింతపండు పెట్టి తోమి కారుకు కట్టాడు. ముందర అద్దానికి కట్టొచ్చు కదా అంటే వినలేదు. వెనక ఎడమవైపు తలుపు పైన పట్టుకునే పిడి ఉంటుంది చూడు, దానికి కట్టాడు. గుంట వచ్చినప్పుడల్లా మోగుతుంది. ఊళ్లో అందరికీ మేము వస్తున్నట్టు తెలిసిపోతోంది.

పరీక్ష ఫిబ్రవరిలో. నాకు భయంగానే ఉంది. కారు పోతే బస్సెక్కనన్న మాట అత్త మార్చుకోలేదు.

రేణుక


డర్బన్, దక్షిణాఫ్రికా,
ఫిబ్రవరి.

అక్కకు,

మామ ప్రశ్నకు జవాబు. ప్రతి కారు అద్దానికీ ఒక చీటీ ఉంటుంది, మిషనుతో చదువుతారు. లెక్క తప్పే వీలు లేదు. అయినా నేను రాత్రి గస్తీకి పోయినప్పుడు మామ నేర్పినట్టు జతలు జతలుగా లెక్కపెడుతూ పోతాను. ఎందుకని అడగకండి, చెయ్యి ఊరుకోదు. అల పెద్దదైతే బెల్టులన్నీ ఒక్కసారే కిర్రుమంటాయి. మంద అంతా కలిసి పక్కకు తిరిగినట్టుంటుంది. అప్పుడు నేనెంత చిన్నవాణ్ణో తెలుస్తుంది.

మా చీఫ్ ఇంజినీరు నిన్న ఒక సంగతి చెప్పాడు. ఓడకూ వయసుందట. పాతికేళ్లు దాటి ముసలిదయితే ఇట్లాంటి ఓడలు చాలావరకు మన వైపుకే వస్తాయట. గుజరాత్ ఒడ్డున అలంగ్ అనే చోట ఇసుకలోకి ఎక్కించి విప్పుతారట. ఇన్ని వేల కార్లను ఊరూరికీ చేర్చింది చివరికి మన దేశంలో ఆగుతుంది.

ఈ ఉత్తరం నీకు అందేసరికి పరీక్ష అయిపోయి ఉంటుంది. మంచైనా చెడైనా దాచకుండా రాయి. నేను దాచినట్టు నువ్వు దాచకు.

కోటి


ఉదయగిరి,
మార్చి.

తమ్ముడు కోటికి,

దాచకుండా రాస్తున్నాను.

మొదటిసారి కుదరలేదు. బ్రేకినస్పెక్టరు దీపాలు చూశాడు, హారన్ చూశాడు, కింద పడుకుని సిద్ధయ్య వేసిన రేకు చూసి తలూపాడు. హ్యాండ్ బ్రేక్ దగ్గర ఆగిపోయాడు. ఎత్తు మీద నిలవలేదు, కారు వెనక్కి జారింది. "బాగుచేయించుకుని సోమవారం తీసుకురండి. అప్పటిదాకా రోడ్డెక్కించొద్దు" అన్నాడు. మంచిగానే చెప్పాడు. కానీ గడువు తేదీ ఆ రోజుతో అయిపోయింది. కారును సిద్ధయ్య షెడ్డులోనే వదిలి వచ్చాం.

మధ్యలో అత్త ఆసుపత్రికి పోవాల్సిన రోజు వచ్చింది. బస్సెక్కనంది. ఆటో మాట్లాడతానంటే వద్దంది. ఇంటి ముందు మంచం మీద పడుకుని, "నన్ను ఇడిసిపెట్టండి, నాకు బాగానే ఉండాది" అంది. ఆ రోజు ఎంత బతిమాలినా కదల్లేదు. సాయంత్రానికి పాదాలు పొంగాయి. మర్నాటికి మొహం కూడా. మామ ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. పొంగిన పాదాల మీద వేలితో నొక్కి, పడిన గుంట నిండేదాకా చూస్తూ ఉండేవాడు. మళ్లీ నొక్కేవాడు. నేను చూడలేక లోపలికి పోయాను.

సోమవారం తెల్లవారేసరికి ఆమెకు ఊపిరి అందడం కష్టమైంది. అప్పుడిక ఆమె మాట వినలేదు. మామ రెండు చేతులతో ఎత్తి ఆటోలో కూర్చోబెట్టాడు. ఆసుపత్రిలో ఆమెను మిషను దగ్గర పడుకోబెట్టి, మామను అక్కడే ఉండమంటే ఉండలేదు. "నేను తెచ్చిన జీవం. నేనే నిలబెట్టి చూపిస్తా" అని నాతో వచ్చాడు.

సిద్ధయ్య బ్రేక్ బాగుచేసిచ్చిన కారును ఎత్తు మీద ఆపి లాగాను. కదల్లేదు. ఇనస్పెక్టరు వెనక తలుపు తీస్తే గంట మోగింది.

"ఇదేంది పెద్దాయనా?"

"గంట సార్."

"కారుకు గంటేంది?"

"దీన్ని అమ్మం సార్. దానికి గుర్తు."

ఆయన మామను ఒకసారి చూశాడు, గంటను ఒకసారి చూశాడు. "ఎన్నేళ్లు నడుపుతారు దీన్ని?" అన్నాడు. "అది నడిచినన్నాళ్లు నడుస్తాం సార్, దాంతోపాటు" అన్నాడు మామ. ఆయన నవ్వి సంతకం పెట్టాడు. ఐదేళ్లు ఇచ్చాడు, కోటీ. నేను స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాను. మామ కారు చుట్టూ తిరిగొచ్చి ముందు తలుపు తీసుకుని నా పక్కన కూర్చున్నాడు. దాని వయసు తెలిశాక అదే ఆయన మొదటిసారి ఎక్కడం.

మధ్యాహ్నం అత్తను నడిపించుకొచ్చి వెనక కూర్చోబెట్టాం. మొహం పొంగు తగ్గింది. మనిషి నీరసంగా ఉంది గానీ నోరు తిరిగొచ్చింది. ఐదేళ్ల సంగతి చెప్పాను. గంటను వేలితో తట్టి, "ఈ డొక్కుకు ఐదేళ్లు రాసిచ్చినారు, మెడలో గంట కూడా కట్టినారు. నాకెవరు కడతారయ్యా" అని నవ్వింది.

మామ రోడ్డు వైపే చూస్తున్నాడు. వెనక్కి తిరగలేదు.

"నువ్వు కూర్చునే తలుపుకే కదా కట్టినాను" అన్నాడు.

అత్త నవ్వు ఆగిపోయింది. నేను అద్దంలో చూడకూడదనుకుంటూనే చూశాను. చెయ్యి పైకెత్తి ఆ గంటను పిడికిట్లో పట్టుకుంది. ఆత్మకూరు దాటాక రోడ్డు నీకు తెలిసిందే, అడుగడుక్కీ గుంట. ఉదయగిరి వచ్చేదాకా గంట మోగలేదు.

మీ అక్క,
రేణుక